చేరానమ్మా, బాగున్నాను

ప్రతి సంవత్సరం జూలై చివరిలో, మళ్ళీ క్రిస్మస్ దాటిన వెంటనే మన సంఘాలలో ఒక ప్రత్యేక కూడిక జరగడం ఈమధ్య మామూలైపోయింది. పై చదువులకు విదేశం వెళ్తున్న బిడ్డను ముందుకు పిలుస్తారు. సంఘమంతా లేచి నిలబడి ప్రార్థన చేస్తారు. పాస్టరు అయ్యగారు శాలువా కప్పుతారు. పెద్దవాళ్ళు వందో రెండు వందలో చేతిలో పెట్టి తల మీద చేయి వేసి దీవిస్తారు. ఆ రాత్రికో మరునాటికో రెండు కార్లలో బంధువులంతా శంషాబాదు విమానాశ్రయానికి బయలుదేరుతారు. బిడ్డ లోపలికి వెళ్ళిపోయాక కూడా అద్దాల అవతల కనబడుతుందేమోనని అక్కడే నిలబడి చూస్తారు.

తరువాత ఒక రాత్రి, ఒక పగలు ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. చివరికి ఫోను వస్తుంది. "చేరానమ్మా, బాగున్నాను. మళ్ళీ చేస్తాను." అంతే. వీధి వీధంతా ఊపిరి పీల్చుకుంటుంది.

ఆ నాలుగు మాటల వెనుక ఏమి జరిగి ఉంటుంది? సెలవులకు వచ్చిన పిల్లలను, చదువు ముగించి వచ్చినవారిని మేము అడిగి చూశాము. ఎంత జీతం, ఎన్ని గదుల ఇల్లు అని అందరూ అడిగారు గాని, మొదటి రోజు ఎలా గడిచిందని ఎవరూ అడగలేదని వాళ్ళు నవ్వారు. నవ్వి, కొందరు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు. వాళ్ళ పేర్లు మేము వ్రాయడం లేదు. వాళ్ళు చెప్పినవాటిలో తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి చాలా ఉన్నాయి.

ఇక్కడ అమెరికా గూర్చే వ్రాస్తున్నాము. 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ సంవత్సరం చైనాను దాటి మన దేశమే మొదటి స్థానంలో నిలిచింది. వారిలో మన తెలుగు పల్లెల పిల్లలు ఎంతమందో మన సంఘాలను చూస్తేనే తెలుస్తుంది. 2025లో కొన్ని వారాలపాటు కొత్త వీసా ఇంటర్వ్యూలు ఆపివేశారు, తనిఖీలూ కఠినం చేశారు. అయినా వెళ్ళేవారు వెళ్తూనే ఉన్నారు.

ముప్ఫై నాలుగున్నర గంటల రోజు

ఆ మొదటి రోజు మనకున్నట్టు ఇరవై నాలుగు గంటల రోజు కాదు. హైదరాబాదులో శనివారం తెల్లవారుజామున విమానం ఎక్కిన బిడ్డ నాలుగు గంటల్లో దుబాయి గాని, దోహా గాని చేరుతుంది. అక్కడ కొన్ని గంటలు కూర్చుని, పదునాలుగు నుండి పదహారు గంటలపాటు ఇంకో విమానంలో ప్రయాణం చేసి షికాగోలోనో డల్లాస్‌లోనో దిగుతుంది. అప్పటికీ అక్కడ శనివారమే! వేసవిలో షికాగో గడియారం మన గడియారానికి పదిన్నర గంటలు వెనుక నడుస్తుంది. అంటే ఆ బిడ్డ శనివారానికి ముప్ఫై నాలుగున్నర గంటలు. సగం రోజు గడిచిందనుకునే సరికి అసలు పరీక్ష మొదలవుతుంది.

పాస్‌పోర్టులో వీసా అంటించారు గదా, ఇక అడ్డేముంది అని మనం అనుకుంటాము. వీసా అంటే గుమ్మం దాకా రావడానికి అనుమతి. లోపలికి రానిచ్చేదీ లేనిదీ ఆ గుమ్మం దగ్గర కూర్చున్న అధికారి నిర్ణయిస్తాడు. నిద్రలేక కళ్ళు ఎర్రబడి, కాళ్ళు వాచి, వందల మంది వరుసలో గంటో రెండు గంటలో నిలబడ్డాక మన బిడ్డ ఆయన ముందుకు వెళ్తుంది. వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు. ఏ విశ్వవిద్యాలయం, ఏమి చదువుతావు, ఫీజు ఎవరు కడుతున్నారు, ఎక్కడ ఉంటావు అని అడుగుతారు. ప్రశ్నలు చిన్నవే గాని ఆ యాస మన పిల్లలకు కొత్త. పదవ తరగతి వరకు తెలుగు మీడియంలో చదివిన ఒక అబ్బాయి, మొదటి ప్రశ్న రెండుసార్లు అడిగినా తనకు అర్థం కాలేదని చెప్పాడు. మూడవసారి, దయచేసి నెమ్మదిగా చెప్పండి అని అడిగాడట. అధికారి నెమ్మదిగానే చెప్పాడు, ఏమీ అనుకోలేదు. అడగడానికి సిగ్గుపడి, అర్థం కాని ప్రశ్నకు అవునని తలూపినవాళ్ళే చిక్కుల్లో పడతారని ఆ అబ్బాయి మాట.

కాగితాలన్నీ చేతిసంచిలోనే ఉండాలి. పాస్‌పోర్టు, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 పత్రం, ప్రవేశపు ఉత్తరం, సెవిస్ రుసుము కట్టిన రసీదు, బ్యాంకు రుణం మంజూరు పత్రం. వీటిని పెద్ద సూట్‌కేసులో పెట్టి విమానం కడుపులోకి పంపిస్తే ఆ గుమ్మం దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఐ-20లో ఉన్న చదువు మొదలయ్యే తేదీకి ముప్ఫై రోజులకన్నా ముందుగా దిగడానికి కూడా వీలు లేదు. చవకగా టికెట్టు దొరికిందని తొందరపడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

కొందరిని పక్క గదికి పంపుతారు. దానినే రెండవ తనిఖీ అంటారు. అక్కడ ఫోను వాడనివ్వరు, ఒక్కోసారి ఫోనునే తీసుకుని చూస్తారు. గంటలు గడుస్తాయి. ఇక్కడ ఇంట్లో మనవాళ్ళు ఫోను రాలేదని కంగారుపడి, అక్కడున్న అందరికీ ఫోనులు చేసి, ఉపవాస ప్రార్థన పెట్టేస్తారు. ప్రార్థన మంచిదే. కాని ఫోను ఆలస్యమైతే ప్రమాదం జరిగిందని కాదు. ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళలో ఎందరో రెండు మూడు గంటల తరువాత బయటికి వచ్చి చదువుకుంటున్నారు.

అందరూ మాత్రం రారు. 2023 ఆగస్టులో ఒకే రోజున 21 మంది భారతీయ విద్యార్థులను అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయాల నుండి తిరిగి పంపించారని పత్రికలలో వచ్చింది. వారిలో మన తెలుగు పిల్లలు ఉన్నారు. తిప్పి పంపే ఉత్తర్వు పడినవారికి అయిదేళ్ళపాటు ఆ దేశంలోకి ప్రవేశం ఉండదు. అప్పు మాత్రం ఇక్కడే ఉంటుంది. కాగితాలలో ఒకటి ఉండి నోట ఇంకొకటి రావడం, ఫోనులో ఉద్యోగాల గూర్చిన సంభాషణలు ఉండడం, బ్యాంకు ఖాతాలో డబ్బు నిజంగా తమది కాకపోవడం, ఇటువంటివే అక్కడ బయటపడతాయి. అంటే ఆ గుమ్మం దగ్గరి పరీక్షలో తప్పడానికి విత్తనం ఇక్కడే, మన ఊళ్ళోనే పడి ఉంటుంది. కన్సల్టెన్సీవారు జవాబులు కంఠస్థం చేయించి పంపిస్తారు. కంఠస్థం చేసిన జవాబు పక్క ప్రశ్నకు తడబడుతుంది. నిజానికి ఆ బాధ లేదు.

కళాశాల కూడా నిజమైనదో కాదో ఇక్కడే చూసుకోవాలి. కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం అనే పేరుతో నడిచిన సంస్థను 2011 జనవరిలో మూయించారు. అక్కడ చేరినవారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళినవారే. కొందరి కాళ్ళకు ఎక్కడున్నారో తెలిపే పట్టీలు బిగించారు. 2019 జనవరిలో మిచిగాన్ రాష్ట్రంలో ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం గుట్టు బయటపడింది. అది అమెరికా అధికారులే వలగా పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. ఆ వలలోనూ తెలుగు పిల్లలు పడ్డారు. తరగతులకు వెళ్ళనవసరం లేదు, ఉద్యోగం చేసుకోవచ్చు అని ఎవరైనా చెప్పారంటే, ఆ చదువు చదువు కాదని తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

పేరు లేని అమ్మాయి, పట్టుబడిన పచ్చడి

పేరు సంగతి వింటే నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. మన దగ్గర ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. పాస్‌పోర్టు తీసేటప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరంతా రెండవ గడిలోనే వ్రాసేవారు మనలో చాలామంది. అలా చేస్తే అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరుగా మారిపోతుంది. అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఒక అమ్మాయికి బాప్తిస్మమప్పుడు తాతగారు ఏరికోరి పెట్టిన పేరు ఉంది. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన నాడు ఆ పేరు ఎవరి నోటా రాలేదు. ఎఫ్.ఎన్.యు. అని పిలిచారు, ఆమె పలకలేదు. తననే పిలుస్తున్నారని ఆమెకు తెలిస్తే గదా! మెడలో వేసుకునే గుర్తింపు కార్డు మీదా అదే. "నా పేరు తెలియదు అని నా మెడలోనే వేలాడదీశారండీ" అని చెప్పింది. పాస్‌పోర్టు తీసే రోజునే రెండు గడులూ నింపితే ఈ తిప్పలు ఉండవు. ఇంకా పాస్‌పోర్టు తీయని పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఈ పని జాగ్రత్తగా చేయించండి.

ఇక పచ్చడి. వారం రోజులు అమ్మ, పిన్ని, అమ్మమ్మ కలిసి చేసిన పొడులూ పచ్చళ్ళూ సంచిలో ఉంటాయి. గోంగూర, ఆవకాయ, కంది పొడి వంటివాటితో సాధారణంగా చిక్కు లేదు. కోడి పచ్చడి, మాంసం పచ్చడి మాత్రం పెట్టకండి. మన దేశం నుండి మాంసపు వంటకాలు తీసుకువెళ్ళకూడదు. పచ్చి కరివేపాకు, పండ్లు, విత్తనాలూ అంతే. బియ్యం కూడా వద్దంటారంటే మనవాళ్ళు నమ్మరు. ధాన్యాన్ని తినే ఖప్రా అనే పురుగు భయం చేత మన దేశపు బియ్యాన్ని ప్రయాణికుల సామానులో రానివ్వరు. తినే వస్తువులు ఉన్నాయని ముందుగా చెబితే, కూడనివి తీసి పారేసి పంపిస్తారు. దాచి పట్టుబడితే జరిమానా. ఒక అబ్బాయి కళ్ళ ఎదుటే అమ్మ చేసిన కోడి పచ్చడి సీసా చెత్తబుట్టలో పడింది. ఆ సంగతి ఇప్పటికీ అమ్మకు చెప్పలేదట. "బాగుందమ్మా, అందరం తిన్నాం" అన్నాడు. మొదటి రోజు చెప్పిన మొదటి అబద్ధం అదేనని మాతో అన్నాడు.

గదిలో

ముందుగా వెళ్ళిన పిల్లలు కారు తీసుకుని విమానాశ్రయానికి రావడం తెలుగువారిలో ఒక మంచి అలవాటుగా స్థిరపడింది. ముక్కూ ముఖం తెలియని "అన్న" వచ్చి సామాను కారులో పెడతాడు. ఆ మేలు ఎవరూ మరచిపోరు. కారు రోడ్డుకు కుడివైపున వెళ్తుంటే ఎదురుగా వచ్చే బండి గుద్దేస్తుందేమోనని కాళ్ళు బిగబట్టుకుని కూర్చున్నామని చాలామంది చెప్పారు.

గది చేరాక చిన్న చిన్నవే పెద్దవిగా కనబడతాయి. దీపం స్విచ్చి మనకు క్రిందికి నొక్కితే వెలుగుతుంది, అక్కడ పైకి నొక్కాలి. కరెంటు మనది 230 వోల్టులు, వాళ్ళది 120. ఇక్కడి నుండి మోసుకుపోయిన మిక్సీ, రైస్ కుక్కరు అక్కడ సరిగా పనిచేయవు. ఫోను చార్జరు మాత్రం రెండింటికీ సరిపోతుంది గాని ప్లగ్గు వేరు. మంచం ఉండదు. రెండు పడక గదుల ఇంట్లో నలుగురైదుగురు, నేల మీద పరుపు. ఆకలేసి, ఆ రాత్రి పప్పుకు పోపు పెట్టిన ఇద్దరు పిల్లల కథ వినండి. ఎండుమిర్చి పొగకు పైకప్పులోని పొగ గంట మోగింది. దొంగలు పడ్డారో, తామేదైనా పాడుచేశామో తెలియక ఇద్దరూ సామాను అక్కడే వదిలి మెట్లు దిగి బయటికి పరుగెత్తారు. పక్కింటి ముసలాయన వచ్చి, కిటికీ తీసి తువ్వాలుతో విసరమని చూపించాడు. అమెరికాలో మేము నేర్చుకున్న మొదటి పాఠం అదే అని వాళ్ళు పడీ పడీ నవ్వారు.

నవ్వు లేనిది రాత్రి. శరీరం ఇంకా మన ఊళ్ళోనే ఉంటుంది. అక్కడ తెల్లవారుజాము మూడు గంటలకు కళ్ళు తెరుచుకుంటాయి. ఇక్కడ అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర, అమ్మ అన్నం వడ్డించే వేళ. చుట్టూ చీకటి, చలి, మిగతావాళ్ళు నిద్రలో ఉంటారు. అప్పుడు లెక్కలు మొదలవుతాయి. విమానాశ్రయంలో కొన్న నీళ్ళ సీసా ధరను రూపాయలలోకి మార్చి చూసుకుని భయపడతారు. కొళాయి నీళ్ళు త్రాగవచ్చని ఇంకా ఎవరూ చెప్పి ఉండరు. ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకు హామీ అడుగుతుంది గనుక, ఇంటి దస్తావేజో పొలం పాస్‌పుస్తకమో అక్కడ ఉందని బిడ్డకు తెలుసు. నాన్న సంతకం పెట్టేటప్పుడు పక్కనే నిలబడింది. ఆ చీకట్లో గుర్తుకు వచ్చేది శాలువా కాదు, ఆ సంతకం.

ఇదే సమయంలో ఇంటి నుండి ఫోను వస్తుంది. అంతా కుశలమా అని అడిగాక, ప్రేమతోనే, ఏ చెడ్డ తలంపు లేకుండానే నాన్న అడుగుతాడు: "పని ఎప్పుడు దొరుకుతుందంట నాన్నా?"

ఈ ఒక్క ప్రశ్న దగ్గర మేము కొంచెం ఆగదలచుకున్నాము. ఎఫ్-1 వీసా మీద వెళ్ళిన విద్యార్థి చదువు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలు మాత్రమే, అదీ విశ్వవిద్యాలయం ఆవరణలోనే పనిచేయవచ్చు. మొదటి విద్యా సంవత్సరంలో బయట పనికి అనుమతి లేదు. కాని ఆ మొదటి రోజు రాత్రే ఎవరో ఒకరు పెట్రోలు బంకులోనో దుకాణంలోనో చేతికి డబ్బిచ్చే పని ఉందని చెప్పడం జరుగుతుంది. పట్టుబడితే వీసా పోతుంది. తుపాకీ పట్టుకుని దొంగలు వచ్చే రాత్రి వేళలలో అటువంటి చోట్ల నిలబడి మన తెలుగు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనం చదివాము. వద్దనుకున్న బిడ్డ చెవిలో నాన్న ప్రశ్న మోగుతూ ఉంటే వద్దనడం కష్టం. మాతో మాట్లాడిన వారిలో ఒకరు, "మా నాన్న ఆ రోజు పని గురించి అడగకుండా, ఏం తిన్నావురా అని అడిగి ఉంటే నేను ఏడ్చేసేవాణ్ణి, ఏడిస్తే బాగుండేది" అన్నాడు. అతడు ఏడవలేదు. బాగున్నాను అన్నాడు. మూడు నెలలు అలాగే అన్నాడు.

వెనుకటి వారికి ఎలా గడిచింది

ఫోనులు లేని రోజుల్లో వెళ్ళినవారికీ ఈ మొదటి రోజు ఇలాగే ఉండేది. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కిన మోహన్‌దాస్ గాంధీకి ఇంకా పందొమ్మిదేళ్ళు నిండలేదు. దిగే రోజున వేసుకోవాలని తెల్లని ఫ్లానెల్ దుస్తులు దాచుకున్నాడు. సెప్టెంబరు చివర, చలి మొదలైన వేళ, రేవులో అటువంటి తెల్ల దుస్తుల్లో ఉన్నది తానొక్కడే. మార్చుకుందామంటే పెట్టెలు, తాళపుచెవులు ఏజెంటు కంపెనీకి అప్పగించి ఉన్నాయి. మరునాడు ఆదివారం. సోమవారం దాకా ఆ తెల్ల బట్టలే గతి. లండన్‌లో విక్టోరియా హోటలులో దిగాడు. రాత్రి ఎనిమిదింటికి డాక్టరు ప్రాణ్‌జీవన్ మెహతా చూడడానికి వచ్చాడు. ఆయన టోపీ నునుపుగా ఉందని గాంధీ చేత్తో నిమిరితే దాని బొచ్చు లేచిపోయింది. మెహతాకు కోపం వచ్చినా, కూర్చోబెట్టి చెప్పాడు. ఇతరుల వస్తువులు ముట్టుకోవద్దు, కలిసిన మొదటిసారే మన ఊళ్ళో అడిగినట్టు ప్రశ్నలు అడగవద్దు, గట్టిగా మాట్లాడవద్దు, అందరినీ సర్ సర్ అనవద్దు అని. ఆ హోటలులో ఉన్నందుకు మూడు పౌండ్లు బిల్లు వస్తే గుండె ఆగినంత పనైంది. తిండి ఏదీ సహించలేదు గదా, ఆకలితో ఉండి కట్టిన మూడు పౌండ్లు! రాత్రులు తల్లిని తలచుకుని ఏడ్చేవాడినని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నారు.

గాంధీకన్నా అయిదేళ్ళ ముందు, 1883 జూన్ 4న, పద్దెనిమిదేళ్ళ ఆనందీబాయి జోషి న్యూయార్కులో ఓడ దిగింది. వైద్యం చదవడానికి వెళ్ళిన మరాఠీ అమ్మాయి. రేవులో ఎదురుచూస్తూ నిలబడింది థియోడిషియా కార్పెంటర్ అనే అమెరికను గృహిణి. అంతకు ముందు ఎన్నడూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆ పరిచయం ఎలా కలిగిందో చదివి మేము ఆశ్చర్యపోయాము. ఆనందీబాయి చదువుకు సహాయం కోరుతూ ఆమె భర్త గోపాలరావు వ్రాసిన ఉత్తరం ఒక క్రైస్తవ మిషనరీ పత్రికలో అచ్చయింది. పంటి డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చున్న కార్పెంటరమ్మ అక్కడున్న ఆ పత్రికను తిరగవేస్తూ అది చూసింది. చూసి ఊరుకోలేదు. తానే ఉత్తరం వ్రాసింది. ఆ ఉత్తరాలు కొన్నేళ్ళు నడిచి, ఆనందీబాయికి ఆమె పిన్నమ్మ అయిపోయింది. ఓడ దిగిన బిడ్డను న్యూజెర్సీలోని తన ఇంటికే తీసుకువెళ్ళింది. 1886 మార్చిలో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో ఆనందీబాయి పట్టా పొందింది. క్షయతో తిరిగి వచ్చి 1887 ఫిబ్రవరిలో, ఇరవై రెండేళ్ళు నిండకుండానే కన్నుమూసింది. ఆమె చితాభస్మాన్ని కార్పెంటర్ కుటుంబానికి పంపితే వారు తమ కుటుంబ సమాధుల స్థలంలోనే ఉంచారు.

మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టి, 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. ఇంటి దగ్గర గర్భవతిగా ఉన్న భార్యను విడిచి, మామగారి సహాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సొమ్ముతో వెళ్ళాడు. హార్వర్డులో చదువుకుంటూ రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపు పాత్రలు కడిగే పని చేశాడు. పుట్టిన కుమారుణ్ణి ఆయన చూడనేలేదు. ఆ పసివాడు చనిపోయాడు. 1948లో తాను కన్నుమూసేవరకు సుబ్బారావు తిరిగి ఇంటికి రాలేదు. బోదకాలు రాకుండా మన పల్లెలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డి.ఇ.సి. మాత్ర ఆయన నాయకత్వంలో రూపొందిన మందే. ఇంతటివాడి గూర్చి చదివినప్పుడు గర్వమే కలుగుతుంది. ఆ ఇంట్లో ఉత్తరం కోసం ఎదురుచూసినవారి సంగతి ఎవరూ అంతగా చెప్పరు.

మెహతా గట్టిగా చెప్పాడు, కార్పెంటరమ్మ ఒడిలోకి తీసుకుంది. ఇద్దరూ ఆ మొదటి రోజున మనిషికి ఎదురువెళ్ళారు. ఈనాటి "అన్న"లు కారు తీసుకుని వెళ్తున్నది అదే పనికి. కాని తెల్లవారుజామున మూడింటికి మేలుకున్న బిడ్డకు ఎదురువెళ్ళగలిగినది తల్లిదండ్రులే, అదీ ఫోను ద్వారానే.

అందుచేత వెళ్ళే ముందే కూర్చోబెట్టి ఒక మాట అనుకోండి. కష్టంగా ఉంటే కష్టంగా ఉందని చెప్పవచ్చునని, చెబితే ఇంట్లో ఎవరూ కోప్పడరని, ఊళ్ళో ఎవరికీ చెప్పరని. ఈ చివరిది ముఖ్యం. ఫోను స్పీకరులో పెట్టి చుట్టాలందరినీ కూర్చోబెట్టుకుని మాట్లాడించేవారు ఉన్నారు. పదిమంది వింటుండగా ఏ బిడ్డ ఏడుస్తుంది? మొదటి ఫోను అమ్మ ఒక్కతే, నాన్న ఒక్కడే మాట్లాడితే మంచిది. ఏమి తిన్నావు, ఎక్కడ పడుకున్నావు, దుప్పటి ఉందా, పక్కన ఎవరున్నారు అని అడగండి. జవాబు బాగున్నాను అనే వస్తే, ఏది బాగుంది, ఏది బాగా లేదు అని ఇంకోసారి అడగండి. కొంచెం సేపు ఏమీ మాట్లాడకుండా ఉన్నా ఫోను పెట్టేయకండి. అప్పు సంగతి, పని సంగతి కనీసం కొన్ని వారాలు మీరు ఎత్తకండి. బిడ్డకు అది గుర్తు చేయనక్కరలేదు.

అక్కడ అడిగేవారు కూడా ఉన్నారని చెప్పి పంపండి. ప్రతి విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కార్యాలయం ఉంటుంది. చేరిన తరువాత ఎలాగూ అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పని వాయిదా వేస్తే వీసాకే ముప్పు. మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి సలహాదారులను చాలా విశ్వవిద్యాలయాలు పెట్టాయి. పిచ్చివాళ్ళు వెళ్ళే చోటు అది అని మన పిల్లలు అటు వెళ్ళరు. కాదని మీరే చెప్పాలి. ప్రమాదం వస్తే 911 నంబరు. న్యూయార్కు, షికాగో, హూస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో, అట్లాంటా, సియాటిల్ నగరాలలో భారత కాన్సులేట్లు ఉన్నాయి. తమ రాష్ట్రం దేని క్రిందకు వస్తుందో చూసుకుని ఆ నంబరు ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. ఫోను చార్జి అయిపోయినప్పుడు కాగితమే పనికివస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. ఆదివారం ఆరాధన ముగిసి, మధ్యాహ్నం పన్నెండింటికి చర్చి వాకిట్లో నిలబడి, "ఇదిగో అందరూ పలకరిస్తారు" అని షికాగోలో ఉన్న బిడ్డకు ఫోను చేయడం మనవాళ్ళకు సరదా. అప్పుడు అక్కడ రాత్రి ఒంటిగంటన్నర. మనకు రాత్రి ఎనిమిది గంటలైతే వాళ్ళకు ఉదయం తొమ్మిదిన్నర. భోజనాలు చేసి పక్కలు వేసుకున్నాక చేయండి. న్యూయార్కు షికాగోకు ఒక గంట ముందు, కాలిఫోర్నియా రెండు గంటలు వెనుక. నవంబరు మొదటి ఆదివారం నాడు వాళ్ళ గడియారాలు ఒక గంట వెనక్కు తిప్పుకుంటారు. అప్పటి నుండి మార్చి రెండవ ఆదివారం వరకు షికాగోకు మనకు తేడా పదకొండున్నర గంటలు.